వంకర 'జ'

అన్నా,
నీ చొక్కా ఇంకా ఉతకలేదు.
తలుపు వెనక మేకుకే ఉంది.
పొద్దున మళ్లీ వాసన చూశాను, అలవాటు చావక.
టర్పెంటైను. ఎనామిలు. కాస్త చెమట.
అంతే.

పదకొండేళ్లు, రోజూ
నువ్వు స్నానానికి వెళ్లగానే
దాన్ని ముక్కుకి ఆనించుకునేదాన్ని.
నీకు తెలుసని నాకు తెలుసు.
కావాలనే కదూ
నా చేతికి అందేంత కిందికి తగిలించేవాడివి?

ఆటోనగర్ మొత్తంలో
నీలా అక్షరం తిప్పేవాడు లేడనేవాళ్లు.
లారీ నుదుటి మీద ఓనరు కూతుళ్ల పేర్లు,
వెనక డాలాకి రెండు నెమళ్లు,
వాటి మధ్య "దూరం పాటించండి".
స్కేలు లేకుండానే గీత గీసేవాడివి,
లోపల ఒక క్వార్టరు పడితేనే.
పడకపోతే చెయ్యి
గూడ్సు వెళ్తున్న వంతెనలా వణికేది.
తర్వాత్తర్వాత
పడినా వణికింది.

నా కమ్మలు పోయిన రోజు
దొంగ పడ్డాడని అమ్మ వీధంతా వినేలా ఏడ్చింది.
దొంగ మంచం మీదే ఉన్నాడు, చెప్పులతో.
నేనెవరికీ చెప్పలేదు.
క్షమించానా అంటే
ఇప్పటికీ ఆ మాట రాయడానికి చెయ్యి రావట్లేదు.

ఎలా మానావో నాకు పూర్తిగా తెలీదు.
పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులు
లేని బల్లుల్ని గోడ మీంచి తోలావు.
పదో రోజు ఇడ్లీ అడిగావు.
గొప్పగా చెప్పుకోడానికి అంతకంటే ఏం లేదు.

షెడ్డు షట్టరు మీద
సుద్దముక్కతో రోజులు రాసేవాడివి.
నాలుగొందల పన్నెండు దాకా వచ్చింది.
క్రిస్మస్ మర్నాడు క్యారేజీ తెచ్చి చూస్తే
ఒకటి.
తడిగుడ్డ మరక ఇంకా ఆరలేదు.
అప్పటికే నీ చుట్టూ చేరిన నలుగురూ చూస్తుండగా
"నిన్న తాగాన్రా" అన్నావు.
ముందూ వెనకా ఏమీ లేదు, అంతే.
వాళ్లు నిన్ను నమ్మడం మొదలెట్టింది
ఆ రోజేననిపిస్తుంది నాకు.
ఆ ఒకటి దగ్గరికి మళ్లీ రాలేదు నువ్వు.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది.
"ఆ రెండు గంటలేరా మనల్ని తినేది" అని
వచ్చినవాడికల్లా ఉప్పుకాగితం చేతికిచ్చి
పాత లారీ తలుపు ముందు కూర్చోబెట్టేవాడివి.
క్లీనర్లు, పంచర్ల మస్తాను,
కృష్ణలంక నుంచి సైకిలు మీద లెక్కల మాస్టారు,
పేరు చెప్పని ఒక బ్యాంకాయన.
రెండు గంటలు గరగర శబ్దం.
మాటలుండేవి కావు. అల్లం టీ ఉండేది.
ఎనిమిదింటికి ఒళ్లు దులుపుకుని లేచి
"తుప్పు ఇంకా పోలేదన్నా" అంటే
"నాదీ పోలేదు. రేపు రా."

కొన్ని రాత్రులు రెండింటికి ఫోను.
ఎవడో బెల్టుషాపు మెట్ల మీద ఏడుస్తున్నాడని
లుంగీ మీదే బండి తీసి
బెంజి సర్కిల్ దాటి పోయేవాడివి.
అందరూ బాగుపడలేదు.
సామ్రాజ్యం కొడుకు బందరు కాలవలో తేలాడు.
ఆ వారం నువ్వు బ్రష్షు ముట్టలేదు.
సీసా కూడా.

నీ గుండె ఆగింది కూడా పనిలోనే,
సగం వేసిన నెమలి ముందు, స్టూలు మీద.
దానికి ఒక కన్ను లేదింకా.

సమాధుల తోటకి నిన్ను మోసినవాళ్లు
ముప్పై మంది దాకా ఉంటారు, మారి మారి.
మధ్యమధ్య పెట్టె కాస్త ఊగింది.
ఓహో, కొత్తవాళ్లూ వచ్చారనుకున్నాను.

శిలువ మీద పేరు ఎవరు రాయాలన్నారు.
పెద్ద పెద్ద ఆర్టిస్టులే ఉన్నారక్కడ.
మస్తాను వెళ్లి
ఒక బక్క కుర్రాణ్ణి ముందుకు తోశాడు.
వాడికి పందొమ్మిదో రోజట.

'జ' దగ్గరే బ్రష్షు జారింది.
'క' పైకి పోయింది,
'ర' గుంటలో చక్రం పడ్డట్టు కిందికి.
'య్య' మాత్రం ఊపిరి బిగబట్టి రాశాడు.
ఎవరూ స్కేలు ఇవ్వలేదు.
ఎవరూ దిద్దలేదు.

అప్పటికి ఆరయింది.
రంగు ఆరాలి కదా అన్నారెవరో.
ఎనిమిది దాకా
అందరం అక్కడే నిలబడ్డాం.