నోటి కూలి

పుత్తూరులో కట్టు కట్టడం నా పని.
పగలంతా వంకర ఎముకల్ని సరిజేస్తాను:
వెదురుబద్ద, కోడిగుడ్డు సొన, పసరు, గుడ్డపట్టీ.
రాత్రి మిద్దెమీద
నిటారు కొమ్మల్ని వంకర తిప్పుతాను.
ఈ సంగతి రోగులకు చెప్పను.

తుపాను వెలిసిన మూడోనాడు
నేల మెత్తబడి ఉంటుందని
గడ్డపార, తడి గోనెపట్ట సైకిలుకు కట్టుకొని
పోరంబోకు గుట్టెక్కినాను.
రెండేళ్లుగా కన్నేసిన బలుసు అది.
జానెడు ఎత్తు. మొదలు మాత్రం నా మణికట్టంత.
బండ నెర్రెలో పుట్టి
లేచినప్పుడల్లా ఎవరో నెత్తిన మొట్టినట్టు
అక్కడక్కడే తిరిగి, ముడుచుకొని, లావెక్కింది.

చుట్టూ తవ్వి, చెయ్యి లోపలికి పోనిచ్చి
తల్లివేరును తడిమినాను.
ఎముక జాడ పట్టే వేళ్లు ఇవి, మోసం చెయ్యవు:
అది బండ కిందికి, చాలా కిందికి పోతోంది.
రంపం తీసేసరికి

"ఎవురప్పా అది?"

బండమీద కుప్పమ్మ. వెనకాల పదహారు మేకలు.
పోయినేడు ఈమె కుడిచేతికి కట్టు కట్టింది నేనే.
రొంత వంకరగానే అతుక్కుంది.
ఆమె ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు.

"చెట్టు గవర్మెంటుదో దేవుడిదో నాకు తెల్దు.
దాన్ని పొట్టిగా చేసింది మాత్రం నా మేకలు.
ఇదో, ఈ నల్లదాని అమ్మ కొరికింది, అమ్మమ్మ కొరికింది.
ఇగురేస్తే చాలు, నోరు పెట్టేవి.
ఊరికే అట్లయిందనుకుంటివా?
నోటి కూలి ఇచ్చి తీస్కపో."

నవ్వుతుందేమోనని చూసినాను. నవ్వలేదు.
ఐదువందలు ఇచ్చినాను.
కొంగున ముడేసుకొని
"బతికితే కబురు చెయ్యి" అని దిగిపోయింది.

తల్లివేరు తెగిన చప్పుడు చిన్నదే.
నా చెవికి అలవాటైనదే.
దోవపొడుగునా గోనెలో
దొంగిలించిన కోడిలా కూర్చుంది.
కోడైతే అరిచేది.

వారానికి ఆకు రాలింది. మొత్తం.
సొన గిలక్కొట్టే పాత సత్తుపళ్లేనికి
అడుగున బొక్కలు పొడిచి అందులో నాటినాను.
మోటారు షాపులో తెచ్చిన రాగితీగ
చుట్టకుండా మూలన పెట్టినాను.
కట్టు విప్పేదాకా కదిలించొద్దని
దినానికి యాభైమందికి చెప్పే నోరు నాది,
పూటపూటా గోటితో బెరడు గీకి చూసినాను.
పచ్చగీత. మరునాడూ పచ్చగీత.
పదోనాడు గీకడానికి తావు లేక
సిగ్గుపడి మానుకున్నాను.

బతికుంటే బలుసాకు తినొచ్చంటారు.
బలుసే బతక్కపోతే ఏం చెయ్యాలో
ఎవరూ అనిపోలేదు.

నలభైమూడో నాడు
మోడు మడతలో ఆవగింజంత ఇగురు.

కబురంది ఆమె వచ్చేసరికి వేలెడయింది.
మిద్దెమెట్లెక్కి, మేకవాసనతో,
పళ్లెం చుట్టూ ఒకసారి తిరిగింది.
రాగితీగ చూసి ఇదెందుకని అడిగింది. చెప్పినాను.
"నువ్వు కడితే
నువ్వనుకున్నట్టే ఉంటుందా?"
అంటూ తన చేతివైపు చూసుకోలేదు.
నేనే చూసినాను.

తర్వాత వంగి
ఆ చేత్తోనే
ఇగురు కొస రెండు గోళ్ల మధ్య పట్టి
టక్కున తుంచి
నోట్లో వేసుకుంది.

"ఇంగ పక్కలకు పోతుంది చూడు"
అంది, నములుతూ.