చెయ్యి రావాలె

ఎనుమాముల యార్డుల పొద్దుందాక తాలు ఏరితే
మాపటికి నా వేళ్లు పొయ్యిల కట్టెలైతయి.
మజ్జిగల ముంచినా, నూనె రాసినా
మంట నాతోనే పండుకుంటది, నాతోనే లేస్తది.

గసొంటి చేతుల్ని చూసి గూడ
ఇన్నయ్య ఉపదేశి సైకిలు దిగి చెప్పిండు:
"పెంతెకోస్తుకు మేత్రాణులొస్తున్నరు. భద్రమైన అభ్యంగనం.
కొలస్తికి జ్ఞానతల్లివి నువ్వే, శౌరమ్మా."

కొలస్తి అసలు పేరు స్కొలస్తిక.
ఆ పేరు పెట్టిన సిస్టరమ్మ బదిలీ అయి పోయింది,
పేరు మా వాడ నోట్లె అరిగి గింతయింది.
తొమ్మిదో తరగతి. ఊకోదు, అడుగుతది:
"చిన్నప్పుడే నీళ్లు పోసిండ్రు గదా,
మళ్ల నూనెందుకు? మొదటిది సరిగ అంటలేదా?"

ఉపదేశి కోపం చెయ్యలే.
"సమారియల గూడ గిట్లనే బిడ్డా.
ఏసు పేరు మీద నీళ్లు పోసుకున్నరు, సంబురపడ్డరు.
అయినా యెరూషలేము నుంచి రాయప్ప, యోహాను
గంత దూరం వచ్చిండ్రు, తల మీద చేతులుంచనీకి.
కబురు పంపితే సరిపోదు.
చెయ్యి రావాలె."

ఎఫెసుల పన్నెండు మంది ముచ్చట గూడ చెప్పిండు.
పవిత్రాత్మ అందిందా అని అడిగితే
అసలు ఉన్నడన్న సంగతే ఇనలేదన్నరట.
బియ్యంల రాళ్లేరుకుంట నేను నవ్విన.
వాళ్ల పక్కన పదమూడోదాన్ని నేనే.

నాకూ అయిందది, ఎన్కట, పరికిణీ నాడు.
అప్పటి మేత్రాణి నుదురు తడిపి
చెంప మీద మెల్లగ ఒక దెబ్బేసిండు.
ఎందుకేసిండో యాభై ఏండ్లు ఎవలూ చెప్పలే.
"దెబ్బ పడ్డా జరగకుండ నిలబడాలని" అన్నడు ఉపదేశి.
అట్లనా.
అయితే అప్పటిసంది నిలబడే ఉన్న గద, అయ్యా.

ఆ ఆదివారం చింతపండుతోని తోమిన చేతులు,
తెల్ల గౌను మీద పెట్టాలంటే భయమైంది.
కుడి భుజం మీద, గట్టిగ గాదు, ఉత్తగ ఆనిచ్చిన.
మేత్రాణులు ఏడు వరాలు చదివిండ్రు,
నాకు మూడే చెవునబడ్డయి.
బొటనవేలు నుదుటి మీద అడ్డం, నిలువు.
ఏదో పువ్వు వాసన, ఏ పువ్వో తెల్వదు.
ముద్రట.
బస్తా మీద దడువాయి రాసే నంబరు
ఒక్క వానకు కారిపోతది.
ఇది కనబడనే కనబడదు, కాబట్టి కారదట.

బయటికొచ్చినంక అడిగిన, ఎట్లుంది బిడ్డా అని.
"నూనె సల్లగుంది పెద్దమ్మా.
భుజమే మండుతుంది."
సిగ్గుతోని కొంగుల దాసుకున్న చేతులు.

సోమవారం. సెలవులని నాతోని యార్డుకొచ్చింది.
చప్పట మిర్చి రాశి, గాలి లేస్తే ఊరంత తుమ్ములు.
గుమస్తా నా పేరు మీద ఆరు రాసిండు.
ఎప్పుడూ ఒకటి తక్కువనే రాస్తడు,
ఎప్పుడూ ఊకుంట.
"ఏడు గంపలు" అన్నది కొలస్తి.
"ఏందే?"
"ఏడు. నేను లెక్కబెట్టిన."
గొంతు వణికింది. కాళ్లు గూడ, చూసిన.
కాని జరగలే.
ఆడోళ్లందరూ తల ఎత్తిండ్రు, ఎవలూ నోరు ఇప్పలే.
గుమస్తా పెన్ను చెవుల నుంచి తీసి
దిక్కు దిక్కు చూస్తున్నడు.

మిరప్పొడి అంటిన చెయ్యి. కడుక్కోలే.
లేచి పోయి
దాని కుడి భుజం మీద పెట్టిన,
ఈసారి గట్టిగ.