లాండ్రీ గది

జనవరిలో సంతకం పెట్టేశాడు ట్రెవాన్ బ్రూసార్డ్,
ఇంకో ఏడాది చదువు మిగిలుండగానే.
"మోకాళ్లుండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి, మిస్టర్ ఎల్రాయ్"
అన్నాడు, మట్టి జెర్సీ నా బండిలో పడేస్తూ.
కాదనలేదు నేను.
ఇరవై ఆరేళ్లుగా ఈ కుర్రాళ్ల చెమట ఉతుకుతున్నవాణ్ణి,
ఏ మోకాలు ఎన్నాళ్లుంటుందో
ఉతికేవాడికేం తెలుసు?

లాకరు మీది పేరు చాకుతో గీకాను.
'బ్రూ' తేలిగ్గానే ఊడింది,
'సార్డ్' మొండికేసింది.
లోపల జత లేని మేజోడు, ఎండిపోయిన బామ్ డబ్బా,
భూగర్భశాస్త్రం పుస్తకం, లైబ్రరీది, గడువు దాటింది.
నది దారి మార్చుకునే పాఠం దగ్గర
గుర్తుకి మడిచిన టేపు ముక్క.

ఏప్రిల్లో మూడు రాత్రులు
చిన్న టీవీ ముందు కూర్చున్నాను.
బయట లూసియానా వాన, వెనక డ్రయ్యర్ల రొద.
రెండొందల యాభై పైచిలుకు పేర్లు పిలిచారు.
ఏ ఒక్కటీ
నేను గీకిన పేరు కాదు.

సోమవారం జరిమానా నాలుగు డాలర్లు కట్టి
ఆ పుస్తకం నా పేరున మళ్లీ తీసుకున్నాను.
వాడొచ్చి అడుగుతాడని కాదు.
టేపు ముక్క కదపకుండా
అక్కణ్ణించే చదువుతున్నాను,
ఆ నది చివరికి ఎటు తిరిగిందో
నాకూ తెలియాలిగా.