పక్క వాటా

పర్లాకిమిడిలో కొమ్ముపని చేసేవాడికి
ఎముక సంగతి ఒకరు చెప్పాలా?
గేదె కొమ్ములోంచి ఎముక ఊడదీసి,
నూనె రాసి, నిప్పు మీద కాచి,
మెత్తబడ్డాక కొంగమెడలా వంచేవాణ్ణి.
గుల్ల ఎక్కడ మొదలవుతుందో నా వేళ్లకు తెలుసు.

అయినా బరంపురం ఆసుపత్రిలో
మా సుభద్ర తుంటి ఎముకలోకి సూది దిగుతుంటే
గోడవైపు తిరిగిపోయాను.

పట్నాయక్ డాక్టరు ఒడియాలో మొదలెట్టి
మా మొహాలు చూసి తెలుగులోకి వచ్చాడు.
మూలగంటే ఒక ఇల్లనుకోండి అన్నాడు.
రక్తాన్ని పుట్టించే తల్లికణాలు పాతకాపులు.
జబ్బు కణాలు పై ఊరినుంచి వచ్చినవి కావు,
ఆ కడుపున పుట్టినవే.
అదే పొయ్యి, అదే నుయ్యి,
ఎముక గోడ వారన అదే నీడ.
వీటికి ఎదగడం రాదు, ఆగడం రాదు, అంతే.

మరి పాతవాళ్లు చచ్చిపోతారా?
అడిగింది నేను కాదు, సుభద్ర.

లేదమ్మా. చాలామంది నిద్రపోతారు.
వీధి గదిలో ఎంత గోల జరిగినా పలక్కుండా
వెనక గదిలో ముడుచుకుని ఉంటారు.
ఇల్లు ఖాళీ అయ్యాక పిలిస్తే లేస్తారు.

నౌపడాలో బండి మారాం.
మాదీ ఒకే దూలం కింద రెండు వాటాల ఇల్లే.
ఇటు మేము, అటు బెహరావాళ్లు.
వాళ్ల పఖాళ మా పిల్ల కంచంలోకి,
మా చారు వాళ్ల ముసలామె గ్లాసులోకి.
నడిమి గోడకున్న మేకు ఎవరిదో
నలభై ఏళ్లయినా తేలలేదు.
ఆ పోలిక నోటిదాకా వచ్చింది. మింగేశాను.
మా ఇంట్లో ఎవరూ ఎవరి నీళ్లూ
అడుగంటా తోడెయ్యలేదు.

మందు మేలుకున్నవాటినే ఎక్కువగా కొడుతుందట.
నిద్రపోయినవి బతుకుతాయట.
ఇంకో మాట కూడా చెప్పాడు, గుమ్మం దగ్గర, నాకొక్కడికే:
జబ్బులోనూ కొన్ని
ఆ వెనక గదిలోనే, వాటి పక్కనే పడుకుంటాయట.

రాత్రి పదింటికి మాత్ర వెయ్యాలి.
చేతులకు కొమ్ము పొడి అలాగే ఉంది.
మంచం దగ్గర నిలబడ్డాను.
పిల్లని లేపాలి. నోరు రాలేదు.
లోపల ఎవరు నిద్రపోతున్నారో,
నా గొంతుకి ముందు ఎవరు లేస్తారో.

కళ్లు తెరవకుండానే అంది:
"దువ్వెనేనా సేస్తన్నావు? ఇనబడతంది.
పళ్లు ఎడంగా కొయ్యి నాన్నా,
కొత్త జుట్టు మెత్తగుంటాదంట."