మూడు గంటల వేలు

సాల్మియాలో రాత్రి మూడైతే
మేలుకొని ఉండేది ఏసీ, నేను.
దుప్పట్లోంచి దానా వేలొకటి బయటికి తీస్తాను.
నిన్న ఉంగరపు వేలు, మొన్న చిటికెన.
సూది దిగినా లేవదు పిల్ల.
"ఉబ్లమా" అంటుంది నిద్రలోనే,
ఓబులమ్మ ఆ నాలిక మీద అంతే పలుకుతుంది.

నాలుగేండ్లుగా ఇదే పని.
మా రాయచోటి షుగరు నూరంటే
ఇక్కడి మిషన్లో ఐదున్నర.
దినారు లెక్క నేర్చుకున్నట్టే నేర్చుకున్నా.
మూడుకు దిగితే ఖర్జూరపు పాకం,
పదిహేను దాటితే తొడ మీద ఇన్సులిన్,
పైన ఒక ముద్దు, అది డాక్టరు రాయలేదు.

ఎండాకాలం ముందర ఆస్పత్రిలో
నర్సు లిస్సీ గాజుపలక ఎత్తి చూపించింది:
నానబెట్టిన సగ్గుబియ్యం!
చుట్టూ అద్దం, నడుమ తెల్లచుక్క.
ఆ చుక్కలు ఎవరో పోయినాయన కణాలంట,
అద్దం సముద్రపు నాచు జిగురంట.
చక్కెర లోపలికి పోతుంది,
ఇన్సులిన్ బయటికి వస్తుంది,
ఒంట్లో కాపలావాళ్ళు మాత్రం దూరలేరు.
"పరాయిది కనపడితే ఒళ్ళు ఊరుకోదు, ఓబులమ్మా."

నాకు చెప్తావా లిస్సీ?
బతాకా లేకుండా ఫర్వానియాలో రోడ్డు దాటి చూడు.
నా గోడకీ బెజ్జాలున్నాయి,
జీతం బయటికి పోతుంది,
ఫోన్లో కొడుకు దగ్గు లోపలికి వస్తుంది,
నేను మాత్రం

సరే, ఆ మాట ఎందుకిప్పుడు.
కడుపులోకి సన్నటి గొట్టంతో వదిలారు.
పోయినాయనకు పేరుంటుంది గదా అనడిగా.
చెప్పకూడదంట.
ఆ రోజు పొయ్యి దగ్గర ఆయనకని
ఒక అగరొత్తి వెలిగించా, కిటికీ తెరిచి.

మూడో వారం ఆరు. మర్నాడు ఆరున్నర.
సూదులు సగమయ్యాయి.
మేడమ్ ఏడ్చి, నా చేతిలో పది దినార్లు పెట్టి
"రాత్రుళ్ళు పడుకో ఇంక" అంది.
బాబా నవ్వలేదు. ఆయన కాగితం మొత్తం చదివాడు:
కొన్నాళ్ళకు ఒళ్ళే ఆ గింజల చుట్టూ
ఇంకో గోడ కట్టొచ్చు,
లోపల ఊపిరాడక చావొచ్చు.
ఎన్నాళ్ళకో ఎవరూ రాసివ్వలేదు.

పడుకో అంటే నిద్రొస్తుందా?
మూడింటికి లేచి కూర్చున్నా.
దానా వేలు పట్టుకున్నా, పొడవలేదు.
కొస మీద చర్మం ఇంకా గరుకే,
జొన్నపిండి అంటుకున్నట్టు.

మిషన్ ఒళ్ళోనే ఉంది. డబ్బాలో ఒక పట్టీ మిగిలింది.
నా వేలు పెట్టా.
పదకొండున్నర.
దీపం ఆర్పి, మనసులో గుణించుకున్నా:
రాయచోటి లెక్కలో
రెండు వందల ఏడు.