ఎల్‌సీ

మీసేవల పిల్లగాడు
పుట్టిన సంవత్సరం కోసం మౌసు చక్రం తిప్పుతున్నడు
రెండువేల ఎనిమిది, రెండువేల ఐదు
ఇంకా కిందికి, ఇంకా కిందికి
ఎండిన బాయిలకు బొక్కెన దించినట్టు.
"ఎనభై ఏడా అన్నా?
బిడ్డ తారీఖు చెప్పాలె, నీది గాదు."
బిడ్డ తొమ్మిదో తరగతి, తమ్మీ.
ఫారం నాది.

ఫారం ఏమనలే. తీసుకున్నది.

ఇంటర్ మెమో అండాలు చీరెల పెట్టె అడుగున దొరికింది
బైపీసీ, జువాలజీల అరవైకి యాభై ఏడు.
నాయిన ఏసిన బోరు అప్పు
ఆ మార్కుల మీద కూసున్నది,
నేను వోయి ఐటీఐల కూసున్న.

పదిహేనేండ్లు
కల్వకుర్తి చుట్టుపక్కల స్తంభాలన్నీ నా మోకాళ్లకెరుక.
ఎక్కేముందు ఎల్‌సీ తీసుకోవాలె
సబ్‌స్టేషనుకు ఫోన్ జేసి, పేరు చెప్పి,
"బందు జేసిన, ఎక్కు" అనే మాట
ఈ చెవులతోని ఇన్నంకనే చెయ్యి తీగను ముట్టాలె.
కుర్మయ్యకు ఒకడు ఎల్‌సీ ఇచ్చిండు
ఆ ముచ్చట బుక్కుల రాయకముందే
డ్యూటీ మారిండు.

మక్కచేను గట్టు మీద పండవెట్టిన.
పదకొండు వేల వోల్టులు నాకెరుకే
మనిషి లోపటి వైరింగు ఎరుకలే.
చేతులు యాడ వెట్టాలె, ఎంత లోతు ఒత్తాలె
నూట ఎనిమిది బండి వచ్చేదాక ఒత్తిన
ఒత్తుతనే ఉన్న.

"రెండు వేళ్లు కిందికి ఒత్తినవ్"
అన్నది దవఖానల డాక్టరమ్మ.
తిట్టలే. ఊరికెనే చెప్పింది.
ఆ రెండు వేళ్ల జాగల
నాలుగేండ్లుగ పండుకుంటలేను.

రాత్రి డ్యూటీల ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంటే
దాని పక్కన గుండె గదులు చదివిన.
ఫిజిక్సుల కరెంటు పాఠం నాదే అనుకున్న, అండ్లనే తప్పిన.
"నిరోధం లేని తీగ అనుకొనుము" అంటది పుస్తకం
అసొంటి తీగ
మా డిపార్ట్‌మెంట్ల నేనెన్నడు సూడలే.
మేఘన నవ్వి, "అనుకో నాయినా, జెరసేపు అనుకో" అన్నది.

మొదటిసారి రెండు వందల పదకొండు మార్కులు.
ఏఈ సారు, "నువ్వు డాక్టరయ్యేటాళ్లకు
మా బీపీలు మమ్మల్నే దాటిపోతయి" అన్నడు.
అండాలు నవ్వలే, దీవెనార్తి ఇయ్యలే.
జీతం కాయితం ముందలేసుకొని
కిస్తీలు, బియ్యం, ఫీజు, వరుసగ కొట్టేసుకుంట వోయి
అడుగున మిగిలిన అంకె సుట్టు సున్న సుట్టింది.
తెల్లారి కుట్టుమిషన్‌కు మోటరు బిగించుమన్నది.

పాలమూరుల ఎండ, బడి గేటు.
కాపలాయన చెయ్యి సూపెట్టి
"తల్లిదండ్రులు ఆ గోడ కాడ నిలబడాలె" అన్నడు.
హాల్‌టికెట్ సూపెట్టిన.
ఫోటో సూసిండు, నన్ను సూసిండు, మళ్ల ఫోటో సూసిండు.
గోడ కాడి తల్లులు నాకు జాగ ఇచ్చి
మళ్ల జరుగున్రి అని జరిగిన్రు.

బొటనవేలు వెట్టమన్నది యంత్రం కాడి పిల్ల.
ఎర్రలైటు. తుడ్సి వెట్టిన. ఎర్రలైటు.
"గీతలొస్తలేవు అంకుల్."
యాడికెల్లి వస్తయమ్మా
తిమ్మాజిపేట ఫీడర్ల ఒక తీగ మీద వెట్టొచ్చిన.
ఏడమ చేతి సిటికెన వేలుకు
యంత్రం ఆఖరికి నన్ను నమ్మింది.

మూడో గదిల, నా పక్క పిల్లగాడు
చెప్పుల మీద చెప్పులేసి ఒణుకుతున్నడు.
నీ గుండె ఇప్పుడు నిమిషానికి నూటిరవై గొడుతుంటది బిడ్డా
అది జబ్బు గాదు. చెప్పబోయిన, చెప్పలే.

గంట కొట్టే ముందు కరెంటు పోయింది.
ఫ్యాన్లు ఒక్కోటి ఒక్కో తీరు ఆగినయి
పిల్లలంత మీదికి సూసిన్రు.
నా చెయ్యి టెస్టర్ కోసం జేబు తడిమింది
గేటు కాడనే అన్ని తీపిచ్చిన్రు గద.
కిటికీల పొంటి స్తంభం కనవడుతున్నది
దాని మీద ఎవలో ఉన్నరు, కడ్డీ టోపీ లేదు, సన్నటోడు.

సప్లయి బందు.
సీల్ తీయున్రి అన్నరు.
పేరు రాసిన, నంబరు రాసిన,
కిటికీ దిక్కు ఇంకోసారి సూసి
మొదటి ప్రశ్న మీద కాలు వెట్టిన.