సుత్తి అక్కర్లేని తొట్టి

బుచ్చిరెడ్డిపాలెంలో చెంచురామయ్య గారి మిల్లు.
తొట్టి గొంతులో వడ్లు ఇరుక్కున్నప్పుడల్లా
పోలయ్య కొయ్యసుత్తి భుజాన వేసుకుని నిచ్చెనెక్కుతాడు.
రేకుకి చెవి ఆనిస్తాడు కాసేపు.
ఒకచోట, ఒక్క దెబ్బ.
జారతాయి.

నన్ను పిలిచింది
సుత్తి అక్కర్లేని తొట్టి గీయమని.

కాటా గది మూలన, చిల్లు గోతాల పక్కన కూర్చుని
లక్షా ఎనభైవేల గింజలు పోశాను తెరమీద.
ఒక్కోదానికి ఒక బరువు, ఒక దొర్లుడు, ఒక గరుకు.
పోసీ పోయగానే ప్రతి గింజా
మిగతా లక్షా డెబ్భై తొమ్మిదివేల చిల్లరనీ
వరసపెట్టి అడగడం మొదలెట్టింది:
నన్ను తాకింది నువ్వా? పోనీ నువ్వా?
మూడు సెకన్ల జారుడు చూడాలంటే
ఏడాది కూర్చోవాలని లెక్క తేలింది.
ఈలోగా రెండుసార్లు కరెంటు పోయింది.

తొట్టిని గళ్ళు గళ్ళుగా కోశాను.
నీ గడిలో వాళ్ళనీ, గోడవతలి వాళ్ళనీ అడుగు,
ఊరందరితో నీకేం పని, అన్నాను.
ఏడాది కాస్తా నాలుగు రోజులైంది.

పంటికింద టక్కుమనే గింజ
ఇంకో గింజని తాకి విడిపోయే సమయం
రెప్పపాటు చూపుకి అందేది కాదు.
దాన్ని పట్టాలంటే సెకనుని
పదిలక్షల ముక్కలు తరగాలి.
అంత సన్నంగా తరగలేక
గింజనే నూరురెట్లు మెత్తన చేశాను.
పచ్చి వడ్లని దొంగతనంగా ఉడకేసినట్టు.
నాలుగు రోజులు ఒక్క రాత్రికి దిగాయి.

పోలయ్య వెనకనించి తొంగిచూశాడు.
"ఇయ్యేంది మ్మా, సగ్గుబియ్యమా?"

ఇంకా ఆశ నాకు.
కదలని గింజకి లెక్కెందుకు, పడుకోమన్నాను.
కదిలేవాటినే చూశాను.
టీ వచ్చేలోపు అయిపోయింది.

అయిపోయింది గానీ
గొంతులో కమాను కట్టి నిలబడ్డాయి గింజలు.
మూతి వెడల్పు చేశాను జానెడు.
మూరెడు చేశాను.
దున్నపోతు దూరేంత చేశాను.
కింద ఏమీ లేదు, పైన మోపెడు బరువు,
అయినా ఆ కమాను గాల్లో
ఎవరో మర్చిపోయిన వంతెనలా.
తెరలోనే సుత్తి చేసి కొట్టాను.
మొదటి గింజ దగ్గరే దెబ్బ ఆగిపోయింది,
దానికి నిద్ర.

మధ్యాహ్నం బయటికొచ్చాను.
ముఠా వాళ్ళు ఎవరి నీడలో వాళ్ళు వాలిపోయారు.
పోలయ్య బస్తాల దొంతరకి వీపు ఆనించి
కాళ్ళు బారజాపి, కళ్ళు మూసుకుని.
అన్నం తిన్నావా అంటే కదల్లేదు.
గట్టిగా పిలిచాను.
"లేస్తే దొంతర పడుద్ది మ్మా.
అడుగు బస్తా ఎలకలు కొట్టేసుండాయి.
మస్తాను గుంజ తెచ్చిందాకా ఇట్నే."
కళ్ళు తెరవకుండానే అన్నాడు.
చొక్కా వీపంతా తడిసి
గోతంమీది అక్షరాలు దిగి ఉన్నాయి దానిమీద.

లోపలికెళ్ళి ఒక వరస మార్చాను:
పడుకున్నా సరే, మోస్తున్నది రాసుకో.
మోత మారితే లేపు.
టీ రెండుసార్లు చల్లారింది.
చీకటి పడ్డాక కొట్టాను మళ్ళీ.
దెబ్బ గింజనించి గింజకి
కబురులా పాకింది.
కమాను ఒక పక్కనించి ఒరిగి,
ఒక్కసారిగా అంతా.

ఎక్కడ కొడితే పడిందో కొలిచి
తొట్టిమీద సుద్దతో గీత గీశాను.
పోలయ్య సుత్తి మచ్చకి బెత్తెడు పైన.

తెల్లారి అతను గీతని వేలితో తుడిచి చూశాడు,
కాసిని వడ్లు నోట్లో వేసుకుని కొరికాడు.
"ఇది ఎండాకాలం వడ్లకి, సరే.
మొన్న వానకి ఇయ్యి తడిసుండాయి గదా."

కిందకి దిగాడు.
తేమకి నా దగ్గర ఇంకా ఏ లెక్కా లేదు.